గేటుబావిలో పలికేది

మా దీవిలో, ఊళ్ళో ఎంత గొప్పవాళ్ళయినా సరే, వాళ్ళు పొద్దున్నే వదిలే నీళ్ళన్నీ చివరికి నా దగ్గరికే రావాలి. గోల్ ఘర్ బట్టల కొట్టు సేఠ్ ఇంటివీ, ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల క్యూ పక్కనున్న మరుగుదొడ్లవీ, డిగ్నాబాద్‌లో నన్ను చూసి ముక్కు మూసుకునే మా పక్కింటి హెడ్మాస్టరువీ, అన్నీ. నేను మురుగు చెరువుల ఆపరేటర్ని. పేరు దుర్గారావు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ముక్కు మూసుకునేవాళ్ళ మీద నాకు కోపం పోయి చాలాకాలమైంది. ఇప్పుడు జాలే.

మా చెరువులు మూడు. ఊరి బయట, మడ అడవి మొదలయ్యే చోట, ఒకదాని దిగువన ఒకటి తవ్వారు. ఊరి మురుగు ఒక పైపులోంచి, చేపల ఫ్యాక్టరీ కడుగునీళ్ళు ఇంకో పైపులోంచి వచ్చి మొదటి చెరువులో కలుస్తాయి. అది లోతుగా, నల్లగా ఉంటుంది. మడ్డంతా అక్కడే అడుక్కి దిగుతుంది. రెండోది వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. అందులో ఎండా, గాలీ, పచ్చటి నాచూ కలిసి నీళ్ళని బాగుచేస్తాయి. మూడోదాంట్లోకి వచ్చేసరికి కొంగలు దిగుతాయి. మోటార్లు లేవు, మందులు లేవు. నీళ్ళు ఊరికే నిలబడి వాటంతట అవే బాగుపడతాయి. ఒకసారి ఈ మాట గొప్పగా మా ఆవిడ బుల్లమ్మతో అంటే, "మీరు కూడా ఇరవై ఆరేళ్ళ నుంచి అక్కడే నిలబడున్నారు కదా, ఏటి బాగుపడ్డారు?" అంది.

మొదటి చెరువుకీ రెండోదానికీ మధ్య ఒక కాంక్రీటు గొయ్యి ఉంది. పన్నెండడుగుల లోతు, ఒక మంచం పట్టేంత వెడల్పు. మొదటి చెరువు నీళ్ళు పైనుంచి అందులో పడి, అడుగున ఉన్న ఇనప గేటు దాటి, పైపులోంచి రెండో చెరువుకి పోతాయి. కాగితాల మీద దానికేదో పేరుంది. మేం గేటుబావి అంటాం.

గేటుబావిలోకి మనిషి దిగకూడదని గోడ మీద మూడు భాషల్లో బోర్డు ఉంది. బోర్డు రాసినవాడు వచ్చి గేటు ఎత్తడు కాబట్టి ఒకప్పుడు మేం దిగేవాళ్ళం. దిగేవాళ్ళకి మా సీనియర్ రమణయ్య ఒక పద్ధతి నేర్పాడు. దిగినవాడి నడుముకి బెల్టు, బెల్టుకి తాడు. పైన ఒకడు కాపలా. పైవాడు ఐదేసి నిమిషాలకోసారి "ఉన్నావా?" అని పిలవాలి. కిందవాడు "ఉన్నా" అనాలి. అన్నాడా, తాడు ముట్టుకోకూడదు, పని సాగనివ్వాలి. వరసగా మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఇంకేమీ ఆలోచించకుండా లాగెయ్యాలి. ఎందుకంటే అక్కడ పుట్టే గ్యాసుకి ఒక గుణం ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన కొడుతున్నంతసేపూ ఫరవాలేదు. వాసన ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదు, ముక్కు చచ్చిందని. ఆ తర్వాత గొంతు పోతుంది. ఆ తర్వాత మనిషి. రక్షించండి అని అరిచే వీలుండదు. అందుకే, మనిషి పలక్కపోవడమే కేకనుకోండిరా అనేవాడు రమణయ్య.

తొమ్మిదేళ్ళ కిందట అప్పలరాముడు దిగాడు. పైన నేనున్నాను. వాన పడుతుంటే షెడ్డులో కూర్చుని పిలిచాను. ఎనిమిదిసార్లు పిలిచాను. ఎనిమిదిసార్లూ "ఉన్నా" అన్నాడు. నలభై నిమిషాలకి వెళ్ళి తొంగిచూస్తే మూలకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడే చచ్చిపోయి ఉన్నాడు. తల పైకెత్తి, నోరు తెరిచి, నేను వస్తానేమోనని చూస్తున్నట్టే.

విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను ప్రతిసారీ పలికాడయ్యా అన్నాను. నేను చాయ్ తాగడానికి పోయి అబద్ధమాడుతున్నానని వాళ్ళు రాసుకున్నారు. అప్పలరాముడి ఉద్యోగం అతని కూతురు బేబీరాణికి ఇచ్చారు, ల్యాబ్ అసిస్టెంటుగా. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల నన్ను బాబాయ్ అనేది. ఉద్యోగంలో చేరిన రోజు "నమస్తే సార్" అంది. తొమ్మిదేళ్ళుగా ఒకే షెడ్డులో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని సార్ అంటూనే ఉంది. నాలుగు తిట్టినా నాకు హాయిగా ఉండేది.

మొన్న నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిసింది. రెండో చెరువు పచ్చరంగు పోయి గులాబీరంగుకి తిరిగింది. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ చెరువుకి జబ్బు చేసినప్పుడే ఆ రంగు వస్తుంది. మొదటి చెరువు గట్టు అంచుకి వచ్చింది. చూస్తే గేటు ఇరుక్కుపోయింది. ప్లాస్టిక్ సంచులూ, చేపల వలముక్కలూ కలిసి దాని కింద ముద్ద కట్టేశాయి. గట్టు తెగితే ఆ మురుగంతా దిగువన మడ అంచున కాపురముండే జోగులు, అతని చుట్టాల పది ఇళ్ళ మీద పడుతుంది. గేటు లాగే మిషను ఓడలో ఉంది, ఓడ ఇంకా సముద్రంలో ఉంది. మా జూనియర్ ఇంజనీరు, అంటే జేఈ, ఫోన్లో, "ఏదో ఒకటి చెయ్యండి దుర్గారావ్ జీ, దిగమని మాత్రం నేను చెప్పలేదు" అన్నాడు. ఆఫీసర్లకి ఈ భాష ఎక్కడ నేర్పుతారో తెలీదు.

పైనుంచి నీళ్ళు పడే చోట చెక్క పలకలు అడ్డంపెట్టి, డీజిల్ పంపుతో బావి తోడేశాం. అప్పటికి మూడూ పది. నాలుగింటికి ఫ్యాక్టరీవాళ్ళు ఫ్లోర్లు కడుగుతారు. ఆ నీళ్ళు కూడా వచ్చాయంటే చెరువు పలకల మీదుగా పొర్లి బావిలో పడుతుంది. ఉన్న టైము యాభై నిమిషాలు. ఉన్న మనుషులం ఇద్దరం.

తలతిప్పి చూస్తే బేబీరాణి బెల్టు బిగించుకుంటోంది.

"ఏటమ్మా అది?"

"నేను సన్నగా ఉంటాను సార్. ఫటాఫట్ దిగి వచ్చేస్తా. మీకు మోకాళ్ళ నొప్పి కదా."

"ఇప్పు."

"సార్..."

"ఇప్పమన్నానా!"

అప్పలరాముడి కూతుర్ని ఆ బావిలోకి దించి, పైన కూర్చుని ఉన్నావా అని పిలవడం నా వల్ల కాదు. బెల్టు లాక్కుని నేనే కట్టుకున్నాను. బావి మీద ముక్కాలి స్టాండు, దానికి చేత్తో తిప్పి తాడు చుట్టే వించి ఉన్నాయి. తాడు దానికి తగిలించాం. అప్పుడే ఆకాశం ఉరిమింది. ఇనప స్టాండు పక్కన ఆ పిల్లని నిలబెట్టడం భయమేసింది.

"షెడ్డులోకి పోయి కూకో. అక్కణ్ణుంచి పిలువు. ఇనబడతాది," అన్నాను.

షెడ్డు పదిహేను అడుగుల దూరం. పోయినసారి కూడా అంతే దూరం. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. తెలివి ఉన్నవాణ్ణయితే తట్టేది.

దిగుతుంటే మొదట వాన చప్పుడు తగ్గింది. తర్వాత వెలుగు తగ్గింది. గోడలంతా జిగురు. కుళ్ళిన గుడ్డు వాసన ఘాటుగా ముక్కులోకి కొట్టింది, దాని వెనక చేప రక్తం వాసన. నేను లోపల్లోపల సంతోషించాను. వాసన ఉంది కదా. ఇంకో నాలుగు మెట్లు ఉన్నాయనగా ఇనప మెట్టు విరిగింది.

మోకాలి లోతు బురదలో పడ్డాను. కుడి కాలి మడమ దగ్గర ఏదో పటుక్కుమంది. నేను పడ్డ ఊపుకి అడుగున ఉన్న మడ్డి కదిలి బుడగలు పైకి లేచాయి. చాలా బుడగలు. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాను. బుడగలు ఆగాయి.

వాసన కూడా ఆగింది.

అసలేమీ వాసన లేదు. మంచినీళ్ళ బావిలో నిలబడినట్టుంది. లాగమ్మా అని అరవబోయాను. నోరు తెరుచుకుంది, మెడ నరాలు బిగిశాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అయినా నేను పెద్దగా భయపడలేదు. రమణయ్య పద్ధతి ఉంది కదా. నేను చెయ్యాల్సిందల్లా పలక్కుండా ఉండటమే. మూడు పిలుపులు. అంతే. వించి తిరుగుతుంది.

పైన చాపంత ఆకాశం. దాంట్లోంచి వాన. కాసేపటికి షెడ్డులోంచి ఆమె గొంతు వచ్చింది.

"సార్, ఉన్నారా?"

ఒకటి, అనుకున్నాను.

"ఉన్నానమ్మా."

ఆ జవాబు బావిలోంచే వచ్చింది. నా మోకాళ్ళ దగ్గర, గేటు వెనకున్న పైపులోంచి. నా గొంతే. చివర కాస్త సాగదీయడం కూడా నాదే.

"ఠీక్ హై సార్," అంది పైన బేబీరాణి.

చేత్తో నా గొంతు పట్టుకుని చూసుకున్నాను. పెదవులు తడుముకున్నాను. గ్యాసు మెదడుకెక్కి నేనే పలికి మర్చిపోయానేమో అనుకున్నాను. ఈసారి పెదవులు పళ్ళతో కొరికిపట్టుకుని ఎదురుచూశాను. రక్తం ఉప్పగా తగిలింది. ఐదు నిమిషాలంటే ఎంతసేపో అప్పుడు తెలిసింది.

"సార్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

హాయిగా పలికింది. పనిలో మునిగిపోయి, కొంచెం విసుగ్గా. నేను ఎలా పలుకుతానో అలాగే...

నడుముకున్న తాడు లాగాను. పైన అది వించి పళ్ళలో బిగిసి ఉంది, షెడ్డులో ఉన్నవాళ్ళకి ఏమీ తెలీదు. ఒంటికాలి మీద లేచి తాడూ, మిగిలిన మెట్లూ పట్టుకుని ఎక్కబోయాను. జిగురుకి చేతులు జారి మళ్ళీ పడ్డాను. స్పానరు తీసి ఇనప నిచ్చెన మీద బాదాను. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఒళ్ళంతా బలం పెట్టి బాదాను.

"గేటు కదులుతోందా సార్?" అంది పైనుంచి. ఆ గొంతులో సంతోషం.

"ఉన్నానమ్మా."

"షాబాష్ సార్! టైం హో రహా హై, జల్దీ!"

స్పానరు చేతిలోంచి జారిపోయింది. నేను బాదిన ప్రతి దెబ్బా ఆమెకి పని జరుగుతున్నట్టే వినిపించింది. ఇంక నా దగ్గర చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు తట్టింది నాకు. అప్పలరాముడు కూడా ఇక్కడే నిలబడ్డాడు. ఇలాగే గొంతు పోయి, ఇలాగే పలక్కుండా, నేను లాగుతానని ఎదురుచూశాడు. ఎనిమిదిసార్లు నా పిలుపు విన్నాడు. ఎనిమిదిసార్లు తన గొంతు తన పక్కనుంచి నాకు జవాబు చెప్పడం విన్నాడు. ఆ తర్వాత పైన నేను "సరేరా, కానివ్వు" అనడం కూడా విన్నాడు. నేను షెడ్డులో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను... ఏడుపు వచ్చింది. ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

నాలుగయింది. నా గొంతు పలుకుతున్నంతసేపూ ఆ పిల్ల తాడు ముట్టుకోదు. పలకల పైనుంచి మొదటి ధార జారి నా భుజం మీద పడింది. గోరువెచ్చగా, చేప జిగురుతో. తర్వాత ఇంకోటి. తర్వాత పలకల వెడల్పంతా. గేటు ముందు ముద్ద అలాగే ఉంది, నీళ్ళు పోయే దారి లేదు. తొడలు మునిగాయి. నడుము మునిగింది. మా దీవుల్లో నవంబరు పొద్దు ఐదింటికే గూటికి చేరుతుంది. ఆ రోజు మబ్బుకి నాలుగుంబావుకే పైనున్న చాపంత ఆకాశం బూడిదరంగైపోయింది. బుల్లమ్మ గుర్తొచ్చింది. పొద్దున్న దానితో పోట్లాడి, మాట్లాడకుండా వచ్చేశాను.

పైపు నోరు నీళ్ళలో మునిగిపోయింది. ఇంక పలకడానికి దానికి దారి లేదనుకున్నాను.

"సార్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

ఈసారి నా చెవి పక్కనే పలికింది. మెడకి ఊపిరి తగిలింది. చల్లగా. నేను తల తిప్పలేదు. తిప్పితే ఏం కనబడుతుందో అని కాదు... ఏమీ కనబడకపోతే ఇంకా భయం.

నీళ్ళు రొమ్ము దాటాయి. మళ్ళీ పలికింది. "ఉన్నానమ్మా." ఎవరూ పిలవలేదు. "ఉన్నానమ్మా... ఉన్నానమ్మా..." తొందర తొందరగా, ఆకలేసినట్టు. ఆపడం చేతకానట్టు. గడ్డం కింద నీళ్ళు. "ఉన్నానమ్మా..."

తాడు బిగిసింది. నడుము విరిగినంత నొప్పితో నేను పైకి లేచాను.

వాన నీళ్ళు మొహం మీద పడుతుంటే కళ్ళు తెరిచాను. బేబీరాణి వించి పట్టుకుని, కూలబడి, వగరుస్తోంది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"నేను పిలవలేదు," అంది. "పిలుద్దామని నోరు తెరిచాను, అంతే. పిలవకముందే మీరు పలికారు. మళ్ళీ పలికారు. మళ్ళీ... అప్పుడు డర్ లగా, చాలా భయం. పరిగెత్తుకొచ్చి చూస్తే మీ తల ఒక్కటే కనబడుతోంది. నోరు మూసుకునే ఉంది. అయినా పలుకుతూనే ఉంది."

నేను ఆమె మొహం చూస్తున్నాను. ఆమె మోకాళ్ళ మీద నా దగ్గరికి పాకింది.

"బాబాయ్," అంది. తొమ్మిదేళ్ళ తర్వాత. "ఆ రోజు కూడా ఇలాగేనా? నువ్వు పిలిస్తే పలికిందా?"

తలూపాను.

"నాన్న గొంతేనా? అచ్చం నాన్న గొంతేనా?"

తలూపాను. ఒక మనిషి నన్ను నమ్మిందన్న ఆనందంలో తలూపాను. ఆ ఊపిన తల నరుక్కోవాలనిపిస్తోంది ఇప్పుడు.

మనిషి పోబోయాక కదిలి, ఆ రాత్రికి ఫ్యాక్టరీవాళ్ళ క్రేను తెచ్చి గేటు పెరికేశారు. జోగులు వాళ్ళ ఇళ్ళు బతికాయి. నేను పదహారు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. కాలికి కట్టు వేశారు. గొంతులో దెబ్బేమీ లేదన్నారు, అంతా సవ్యంగానే ఉందన్నారు, మాట మాత్రం రాలేదు. బావి మీద ఇనప మూత వేయించారు. ఎవరి తప్పో తేల్చడానికి వించీ, స్టాండూ ఆఫీసుకి పట్టుకుపోయారు.

బేబీరాణి రోజూ వచ్చేది. పళ్ళు తెచ్చేది, బుల్లమ్మకి సాయం చేసేది. ఒకరోజు మంచం మీదకి వంగి గుసగుసగా అడిగింది.

"బాబాయ్, అది నీ గొంతు తీసుకుంది కదా. మరి నాన్నది తొమ్మిదేళ్ళ నుంచి దాని దగ్గరే ఉందేమో. పిలిస్తే పలుకుతాడేమో కదా?"

కాగితం తీసుకుని రెండు వైపులా రాశాను. అక్కడికి పోవద్దని, పలికేది మీ నాన్న కాదని, మీ నాన్నని అదే చంపిందని, నాలుగు రకాలుగా రాశాను. నేను ఏడో తరగతి దాకా టెక్కలి దగ్గర అమ్మమ్మ ఇంట్లో చదివాను, నాకు రాయడానికి తెలుగొక్కటే వచ్చు. బేబీరాణి ఇక్కడ హిందీలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. కాగితం అటూఇటూ తిప్పి, నేను క్షమాపణ రాశాననుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"మాఫీ ఎందుకు బాబాయ్? నీ తప్పేమీ లేదని నాకు తెలిసిపోయింది కదా."

నేను చేతులు ఊపాను, తల కొట్టుకున్నాను. పక్కమంచం ఆయన నర్సుని పిలిచాడు. నర్సు వచ్చి నిద్రకి సూది పొడిచింది. మెలకువ వచ్చాక బుల్లమ్మకి రాసి చూపిద్దామంటే దానికి చదువే రాదు. మా జేఈకి చూపిస్తే చదివించుకుని, నా భుజం తట్టి, ఇంకో వారం సెలవు ఇచ్చాడు.

బేబీరాణి రావడం మానేసింది. రెండు రోజులు చూశాను. మూడో రోజు కర్ర ఊతతో ఆటో ఎక్కాను.

నాలుగు దాటింది. వాన లేదు, గాలీ లేదు. రెండో చెరువు ఇంకా గులాబీరంగులోనే ఉంది, మూడోదాని మీద ఒక్క కొంగా లేదు. షెడ్డు తలుపు తీసి ఉంది. బావి మీద ఇనప మూత పక్కకి జరిపి ఉంది.

బేబీరాణి బావి అంచున బోర్లా పడుకుని, తల లోపలికి వంచి ఉంది. నడుముకి బెల్టు. బెల్టు కొక్కేనికి తాడు. ఆ తాడు రెండో కొస బావిలోకి వేలాడుతోంది. నాకు మొదట అర్థం కాలేదు. దిగడానికయితే తాడు పైన కదా కట్టాలి.

కర్ర చప్పుడు విని తలెత్తి చూసింది. నవ్వింది. ఎన్ని గంటలుగా అలా పడుకుని ఉందో, మొహం పాలిపోయి, పెదవులు నీలంగా ఉన్నాయి. నోరు తెరిచి ఏదో చెప్పింది.

చప్పుడు రాలేదు.

ఆమెకి తెలుసు చప్పుడు రాలేదని. ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపింది. తాడు చూపించింది, బావిలోకి చూపించింది, రెండు చేతులతో లాగుతున్నట్టు చేసి చూపించింది. అప్పుడు అర్థమైంది నాకు. నాన్న కోసం తాడు వదిలింది. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా నాన్నని పైకి లాగడానికి వచ్చింది.

నేను కర్ర పారేసి, కుంటుకుంటూ ఆమె వైపు నడిచాను. పదడుగులు. అప్పుడు బావిలోంచి అప్పలరాముడు పిలిచాడు.

"ఉన్నారా?"

జవాబు కాదు. పిలుపు. పైన కాపలా ఉన్నవాడు కిందవాణ్ణి పిలిచే పిలుపు. గొంతు పెద్దది చేసి, నెమ్మదిగా, తీరిగ్గా.

బేబీరాణి మొహం వెలిగిపోయింది. పలకాలని నోరు తెరిచింది. నేనూ తెరిచాను. ఉన్నాం, ఉన్నామని అరవాలి. అరిస్తే తాడు ముట్టుకోరు. మెడ నరాలు తెగేలా బిగబట్టాను. ఇద్దరం బావి అంచున చేపల్లా నోళ్ళు తెరిచి మూస్తున్నాం.

"ఉన్నారా?"

రెండు.

నాలుగడుగుల దూరం. కట్టు కట్టిన కాలు మడతపడి పడిపోయాను. మోచేతుల మీద పాకాను. బేబీరాణి నా వైపు చూసింది. ఇప్పుడు ఆమెకీ అర్థమైంది. రెండు చేతులతో కొక్కెం విప్పుకోబోయింది, అది రాలేదు...

"ఉన్నారా?"

మూడు. ఆ తర్వాత బావి గోడకి వేలాడుతున్న తాడు మెల్లగా బిగిసింది. ఒక లాగు. ఇంకో లాగు. రమణయ్య నేర్పినట్టే, చెయ్యి మీద చెయ్యి వేసి, తొందరపడకుండా. బేబీరాణి ఒక జానెడు ముందుకి జారింది. ఇంకో జానెడు. తల, భుజాలు బావిలోకి పోయాయి. నేను ఆమె కాళ్ళ మీద పడి, నడుము దగ్గరికి పాకి, కొక్కెం మీద పళ్ళు పెట్టి లాగాను. ఒక పన్ను ఊడింది. కొక్కెం ఊడింది.

తాడు సర్రున లోపలికి పోయింది. ఆమెని వెనక్కి లాక్కుని ఒళ్ళో వేసుకున్నాను. బతికే ఉంది. గుండె నా అరచేతి కింద దడదడలాడుతోంది. కళ్ళు తెరిచి ఆకాశంలోకి చూస్తోంది. నేను ఆమె మొహం తుడుస్తూ, ఏమీ కాలేదమ్మా, ఏమీ కాలేదు అని గొంతు లేకుండానే అంటున్నాను.

బావి అడుగున, ఖాళీ తాడు అందుకున్నచోట, ఎవరో బరువు దించి గోడకి చేరగిలబడ్డ చప్పుడైంది. అప్పలరాముడు తృప్తిగా ఊపిరి వదిలాడు.

"వచ్చేసింది," అన్నాడు, పక్కనెవరితోనో.

"ఉన్నా నాన్నా," అంది కింద బేబీరాణి.

నా ఒళ్ళో ఉన్న బేబీరాణి ఇంకా ఆకాశంలోకే చూస్తోంది.